చీకటి డిశ్చార్జి నుంచి గ్లో దాకా: తక్కువ పీడనంలోని గ్యాసును మెట్టుమెట్టుగా వెలిగించడం

లైన్ టెస్టర్‌ను ఫేజ్ రంధ్రంలో పెట్టగానే లోపలి చిన్న బల్బు నారింజ రంగులో వెలుగుతుంది. చూసేవాళ్లకు అక్కడ రెండే స్థితులు: ఆరి ఉండటం, వెలగడం. ఆ రెంటి మధ్య చాలా పెద్ద దూరం ఉంది. నానోఆంపియర్ దగ్గర మొదలైన కరెంటు మిల్లీఆంపియర్‌కు చేరేసరికి పది లక్షల రెట్లు పెరుగుతుంది. టెస్టర్‌లో ఆ దూరమంతా రెప్పపాటులో గడిచిపోతుంది. దానిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి, కొలిచి, కంటితో చూడటం ఎలాగో కింద వివరంగా రాశాం.

ఆగాలంటే ముందుగా కావలసింది ఖరీదైన పంపు కాదు, పెద్ద పవర్ సప్లై కూడా కాదు. తక్కువ పీడనంలో గ్యాసు ఉన్న గాజు ట్యూబుతో సిరీస్‌లో పెట్టే రెసిస్టర్. గ్యాసు ఒకసారి తెగబడిందంటే తనకు ఎంత కరెంటు కావాలో తనంతట తాను ఆపుకోలేదు, బయటి సర్క్యూట్ ఎంత ఇస్తే అంతా లాగుతుంది. రెసిస్టర్ చిన్నదైతే డిశ్చార్జి (గ్యాసు గుండా కరెంటు పారడం) చీకటి దశ, అంటే కరెంటు ఉన్నా వెలుగు కంటికి దాదాపు ఆనని దశ, కనపడకుండానే నేరుగా గ్లోలోకి, అంటే స్పష్టంగా వెలిగే దశలోకి దూకుతుంది. రెసిస్టర్ పెద్దదై, ట్యూబుకు ఆనుకుని ఉంటే, చీకటి దశలోనే గంటసేపైనా నిలబెట్టవచ్చు.

లోపల ఏం జరుగుతోంది

కాస్మిక్ కిరణాల వల్లో, గోడల్లోని సహజ రేడియోధార్మికత వల్లో ట్యూబులో అప్పుడప్పుడు ఒక ఎలక్ట్రాన్ విడిపడుతుంది. వోల్టేజి చాలినంత ఉంటే అది ఆనోడ్ వైపు పరుగెడుతూ గ్యాసు అణువులను ఢీకొని మరో ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. దీన్నే టౌన్‌సెండ్ ధార అంటారు. ఇంతవరకే అయితే ధార ఆనోడ్‌కు చేరి ఆగిపోతుంది. అది నిలవాలంటే వెనక్కి వెళ్లిన పాజిటివ్ అయాన్లు కాథోడ్‌ను తాకి కొత్త ఎలక్ట్రాన్‌ను బయటికి తీయాలి. సుమారు వంద అయాన్లు తాకితే ఒక ఎలక్ట్రాన్ వస్తుందనుకుందాం. అప్పుడు బయలుదేరిన ప్రతి ఎలక్ట్రాన్ దారిలో వంద అయాన్లను చేయాలి, అంటే ఆరేడు సార్లు రెట్టింపు కావాలి. అది సాధ్యమైన వోల్టేజే బ్రేక్‌డౌన్ వోల్టేజి. అక్కడి నుంచి డిశ్చార్జికి బయటి సాయం అక్కర్లేదు.

అయినా అది ఇంకా చీకటే. కరెంటు మైక్రోఆంపియర్ లోపు ఉంటే వెలుగు కంటికి ఆనదు. బాగా చీకటి చేసి చూస్తే మాత్రం ఆ మసక వెలుగు ఆనోడ్ దగ్గర కనిపిస్తుంది. ధార పెరుగుతూ పెరుగుతూ వెళ్లి ఆనోడ్ ముందే అతి చిక్కగా ఉంటుంది కాబట్టి ఢీకొట్టడాలూ అక్కడే ఎక్కువ. గ్లోలోకి మారగానే వెలుగు కాథోడ్ దగ్గరికి వచ్చేస్తుంది. చీకటికీ గ్లోకీ తేడాను ఒక్క చూపులో పట్టించే గుర్తు ఇదే, దీన్ని తప్పకుండా చూడండి.

వెలుగు ఎందుకు అటు మారుతుంది? అయాన్లు ఎలక్ట్రాన్ల కంటే వందల రెట్లు నెమ్మది. కరెంటు తక్కువగా ఉన్నప్పుడు అవి పలచగా ఉండి ఎలక్ట్రిక్ ఫీల్డును కదిలించలేవు, ఫీల్డు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకేలా ఉంటుంది. కరెంటు పెరిగితే అవి పోగుపడతాయి. వోల్టేజిలో ఎక్కువ భాగం కాథోడ్ ముందున్న సన్నని పొరలోకి చేరుతుంది, మిగతా చోట ఫీల్డు పడిపోతుంది. ఎలక్ట్రాన్లు ఆ పొరలోనే బలం పుంజుకుని, దాటిన వెంటనే వెలిగిస్తాయి. రెట్టింపు కావడానికి అనువైన మందాన్ని ఆ పొర తనకు తానే ఎంచుకుంటుంది, అందుకే ట్యూబుకు కావలసిన మొత్తం వోల్టేజి తగ్గుతుంది. కరెంటు పెరుగుతుంటే వోల్టేజి తగ్గడం ఓమ్ సూత్రానికి అలవాటుపడిన చేతికి వింతగా ఉంటుంది. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందుగా ఒక నియాన్ బల్బుతో

పంపు జోలికి వెళ్లకముందు ఇండికేటర్లలో వాడే చిన్న నియాన్ బల్బుతో చేయి తిప్పుకోండి. 9 వోల్టుల బ్యాటరీలు 12 సిరీస్‌లో కలిపితే 108 వోల్టుల పైన వస్తుంది. ఇంటి సాకెట్ నుంచి నేరుగా తీసుకోకండి. బ్యాటరీల వరుస కూడా షాక్ కొడుతుంది, కనుక ఒక బ్యాటరీ విడదీసి ఉంచి వైర్లు కలిపి, చేయి తీసేశాకే దాన్ని పెట్టండి.

ఈ బల్బులు సాధారణంగా 65 నుంచి 90 వోల్టుల మధ్య వెలుగుతాయి. వెలిగాక 60 వోల్టుల దరిదాపుల్లో నిలుస్తాయి. నియాన్‌లో కాస్త ఆర్గాన్ కలపడమే ఇంత తక్కువ వోల్టేజికి కారణం. ఉత్తేజిత నియాన్ పరమాణువు దగ్గరున్న 16.6 ఎలక్ట్రాన్ వోల్టులు ఆర్గాన్‌ను అయనీకరించడానికి కావలసిన 15.8 కంటే ఎక్కువ, అందుకని ఢీకొంటే చాలు, కొత్త ఎలక్ట్రాన్ వస్తుంది.

సిరీస్‌లో 100 కిలోఓమ్ పెట్టండి. కరెంటు సుమారు 0.5 మిల్లీఆంపియర్. నెగెటివ్ వైపు కడ్డీ మాత్రమే వెలుగుతుంది, బ్యాటరీ తిప్పి పెడితే వెలుగు రెండో కడ్డీకి మారుతుంది. 1 మెగాఓమ్ పెడితే కడ్డీలో కొంత భాగమే వెలుగుతుంది. 10 మెగాఓమ్ పెడితే మినుకు మినుకుమనే మసక చుక్క మిగులుతుంది. ఇప్పుడు ఆ 10 మెగాఓమ్ అలాగే ఉంచి, బల్బుకు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపండి. సెకనుకు రెండుసార్లు టప్పుటప్పున వెలిగి ఆరుతుంది. కెపాసిటర్ మెల్లగా నిండుతుంది, బ్రేక్‌డౌన్ వోల్టేజి రాగానే బల్బులోకి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, 60 వోల్టుల దగ్గర బల్బు ఆరిపోతుంది, మళ్లీ మొదలు. పెద్ద ట్యూబులో మిమ్మల్ని మోసం చేసేది ఈ ఆటే. అక్కడ కెపాసిటర్‌ను ఎవరూ పెట్టరు, కేబులే ఆ పని చేస్తుంది.

ట్యూబ్‌లైట్ స్టార్టర్ లోపలి గాజు బల్బు కూడా గ్లో బల్బే. చోక్ ఉన్న పాత ఫిట్టింగులో అది ముందు గ్లోగా వెలిగి, ఆ వేడికి లోపలి లోహపు పట్టీ వంగి అంటుకుంటుంది. నాలుగడుగుల ట్యూబ్ వెలిగాక దాని మీద వోల్టేజి సుమారు 100కు పడిపోతుంది, అది స్టార్టర్‌ను మళ్లీ వెలిగించడానికి చాలదు. వెలగడానికి కావలసిన వోల్టేజి, నిలవడానికి కావలసిన వోల్టేజి వేరని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

ట్యూబు, ఎలక్ట్రోడ్లు

బోరోసిలికేట్ గాజు గొట్టం, లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు, పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు, మధ్యలో పంపు కోసం గాజుతోనే ఊదిన పక్క గొట్టం. ఎలక్ట్రోడ్లు 30 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ బిళ్లలు, అంచులు గుండ్రంగా రుద్దినవి. మధ్య దూరం 20 మిల్లీమీటర్లు. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఉండే పొడవాటి ట్యూబు ఈ పనికి సరిపోదు. సన్నగా పొడుగ్గా ఉంటే ఎలక్ట్రాన్లు దారిలో గోడలకు పోతాయి, చీకటి దశ కొలతలు చెడిపోతాయి. వెడల్పైన బిళ్లలు, తక్కువ దూరం ఉండాలి.

బిళ్లల వెనక వైపునూ వాటిని మోసే కడ్డీలనూ వదిలేయకండి. కడ్డీకి గాజు తొడుగు, బిళ్ల వెనక మైకా లేదా టెఫ్లాన్ బిళ్ల ఉండాలి. కారణం పాషెన్ వక్రంలో (పీడనం, దూరాన్ని బట్టి బ్రేక్‌డౌన్ వోల్టేజి ఎలా మారుతుందో చూపే గీత) ఉంది, కొంచెం ఆగితే వస్తుంది. పంపుకు వెళ్లే గొట్టం మందపాటి వాక్యూమ్ రబ్బరుదై ఉండాలి. లోహపు గొట్టాన్ని నేరుగా కలిపితే డిశ్చార్జి కాథోడ్‌ను వదిలి ఎర్త్ అయిన పంపు వైపు పోతుంది, మీ మీటరులో కరెంటు రాదు, గొట్టంలో మాత్రం వెలుగు కనిపిస్తుంది.

బిళ్లలను సన్నని ఎమరీతో రుద్ది, అసిటోన్‌తో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. ఆ తర్వాత చేతి వేళ్లు తగలకూడదు. ఒక్క వేలిముద్ర ఉన్నా కాథోడ్ మీద అక్కడే మెరుపు చుక్క లేస్తుంది.

పంపు రెండు దశల రోటరీ పంపు. ఏసీ మెకానిక్కులు వాడే రెండు దశల వాక్యూమ్ పంపు కూడా సరిపోతుంది. మనకు కావలసింది 0.2 నుంచి 5 మిల్లీబార్ మధ్య, అది దానికి తేలిక. ఒక నీడిల్ వాల్వు, పంపుకూ ట్యూబుకూ మధ్య ఒక బాల్ వాల్వు, ఒక పిరానీ గేజి (గ్యాసు మోసే వేడిని బట్టి పీడనం చూపే మీటరు). గాలి లోపలికి వచ్చే దారిలో సిలికా జెల్ గొట్టం పెట్టండి. కోస్తా జిల్లాల్లో వానాకాలపు గాలిని అలాగే వదిలితే నీటి ఆవిరి ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది, బ్రేక్‌డౌన్ వోల్టేజి పెరిగి రోజుకో లెక్క వస్తుంది.

సర్క్యూట్: అసలు శ్రద్ధంతా ఇక్కడ

0 నుంచి 1500 వోల్టుల డీసీ సప్లై కావాలి, కరెంటు 10 మిల్లీఆంపియర్ దగ్గర ఆగేలా ఉండాలి. నెగెటివ్ ఎర్త్‌కు. పాజిటివ్ బాలాస్ట్ రెసిస్టర్ (మొదట చెప్పిన, కరెంటును అదుపు చేసే సిరీస్ రెసిస్టర్) గుండా ఆనోడ్‌కు. కాథోడ్ ఒక కొలత రెసిస్టర్ గుండా ఎర్త్‌కు.

బాలాస్ట్‌లు నాలుగు కట్టుకోండి. 50 మెగాఓమ్, అంటే అర వాట్ 10 మెగాఓమ్‌లు ఐదు సిరీస్‌లో. 5 మెగాఓమ్, అర వాట్ 1 మెగాఓమ్‌లు ఐదు. 500 కిలోఓమ్, 2 వాట్ల 100 కిలోఓమ్‌లు ఐదు. 50 కిలోఓమ్, 5 వాట్ల వైర్‌వౌండ్ 10 కిలోఓమ్‌లు ఐదు. ఒక్క రెసిస్టర్‌తో ఎందుకు సరిపెట్టకూడదంటే, వాటేజి చాలినా వోల్టేజి తట్టుకోదు. మామూలు పావు వాట్ రెసిస్టర్ 250 వోల్టులకే, అర వాట్‌ది 350కే. ఆ పైన రెసిస్టర్ ఒంటి మీదుగానే కరెంటు పాకడం మొదలై విలువ మారిపోతుంది. ప్రతి గొలుసునూ మీటరుతో కొలిచి అసలు విలువ దాని మీదే రాసుకోండి. లెక్కలన్నీ ఆ విలువ మీదే నడుస్తాయి. 250 వోల్టుల డ్రాప్‌లో 5 శాతం తప్పంటే 12 వోల్టులు, మనం వెతికే తేడా అంత ఉండకపోవచ్చు.

బాలాస్ట్ ఆనోడ్ టెర్మినల్‌కు ఆనుకుని ఉండాలి, వైరు రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు. ఎందుకో లెక్క చూడండి. రెండు బిళ్లల మధ్య కెపాసిటెన్స్ అర పికోఫారడ్ కూడా లేదు. ఒక మీటరు కోయాక్సియల్ కేబుల్‌కు సుమారు 100 పికోఫారడ్. బాలాస్ట్‌ను సప్లై పెట్టెలో పెట్టి, కేబుల్‌తో ట్యూబుకు తెస్తే ఆ 100 పికోఫారడ్ ట్యూబుకు అడ్డంగా కూర్చుంటుంది. అది 80 వోల్టులు దిగితే 8 నానోకూలంబ్‌లు. 10 మైక్రోసెకన్లలో ఖాళీ అయితే దాదాపు 1 మిల్లీఆంపియర్. మీటరు సగటున 2 మైక్రోఆంపియర్ చూపిస్తూనే ఉంటుంది, గ్యాసులో మాత్రం మిల్లీఆంపియర్ దెబ్బలు పడుతుంటాయి. మీరు చీకటి దశలో ఉన్నామనుకుంటారు, నిజానికి ఆరి వెలిగే గ్లోలో ఉంటారు.

కొలత రెసిస్టర్‌గా 1 మెగాఓమ్‌ను కాథోడ్‌కూ ఎర్త్‌కూ మధ్య శాశ్వతంగా సోల్డర్ చేసేయండి. దానికి ప్యారలల్‌గా స్విచ్‌తో 10 కిలోఓమ్, 100 ఓమ్ కలిసేలా పెట్టండి. శాశ్వతంగా ఎందుకంటే, ఈ దారి తెగితే కాథోడ్ సప్లై వోల్టేజికి ఎక్కేస్తుంది, చేతిలో మీటరు ప్రోబు ఉంటుంది. మామూలు డిజిటల్ మీటరు 200 మిల్లీవోల్ట్ రేంజిలో 0.1 మిల్లీవోల్ట్ చూపిస్తుంది, 1 మెగాఓమ్ మీద అది 0.1 నానోఆంపియర్. మీటరు లోపలి 10 మెగాఓమ్ కూడా ప్యారలల్ అవుతుంది కాబట్టి ఈ రేంజిలో రీడింగును 1.1తో గుణించండి. 1 మైక్రోఆంపియర్ దాటాక 10 కిలోఓమ్‌కు, 0.2 మిల్లీఆంపియర్ దాటాక 100 ఓమ్‌కు మారండి.

ట్యూబు మీద వోల్టేజిని మీటరుతో నేరుగా కొలవకండి. 350 వోల్టుల దగ్గర 10 మెగాఓమ్ మీటరు తానే 35 మైక్రోఆంపియర్ తాగేస్తుంది, 50 మెగాఓమ్ బాలాస్ట్ అంత ఇవ్వనే ఇవ్వలేదు. మీటరు పెట్టగానే డిశ్చార్జి ఆరిపోతుంది. సప్లై వైపు కొలిచి తీసివేయండి. సప్లై 600 వోల్టులు, కొలత రెసిస్టర్ మీద 50 మిల్లీవోల్టులు అంటే 5 మైక్రోఆంపియర్. బాలాస్ట్ మీద 250 పోయింది, ట్యూబు మీద 350. 1000 వోల్టులు దాటే సప్లైని మామూలు మీటరు తట్టుకోదు. 10 మెగాఓమ్‌లు తొమ్మిది సిరీస్‌లో పెట్టి మీటరు కలిపితే పదో వంతు చూపిస్తుంది.

10 మిల్లీఆంపియర్, 1500 వోల్టులు ప్రాణం తీస్తాయి. సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్‌కు శాశ్వత బ్లీడర్ రెసిస్టర్ (ఆపాక మిగిలిన చార్జిని ఖాళీ చేసేది) ఉండాలి. బాలాస్ట్ మార్చే ప్రతిసారీ సప్లై ఆపి, ప్లగ్ తీసి, వోల్టేజి 5 లోపు పడిందని మీటరులో చూసి, ఎర్త్ అయిన షార్టింగ్ రాడ్‌తో ఆనోడ్‌ను తాకాకే చేయి పెట్టండి. ఆనోడ్ టెర్మినల్‌కూ బాలాస్ట్‌కూ ప్లాస్టిక్ మూత ఉండాలి. గాజు ముందు పాలికార్బొనేట్ షీటు నిలబెట్టండి, ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు గాలి నొక్కుతుంటుంది. ఒంటరిగా ఈ పని చేయకండి.

పంపింగ్, లీకు పరీక్ష, పీడనం ఎంపిక

పంపును అరగంట నడిపి, బాల్ వాల్వు మూసి, గేజిని పది నిమిషాలు చూడండి. పీడనం ఒకే వేగంతో పెరుగుతూ పోతే లీకు. మొదట పెరిగి తర్వాత నెమ్మదిస్తే గోడల నుంచి తేమ వదులుతోంది, ఇంకా పంపు చేస్తే పోతుంది. 0.05 నుంచి 0.1 మిల్లీబార్‌కు చేరడానికి పది నిమిషాలు పడితే ఈ పనికి చాలు.

ఏ పీడనంలో ఎంత వోల్టేజి కావాలో 1889లో ఫ్రెడ్రిక్ పాషెన్ ప్రయోగాలతో చూపించాడు: పీడనమూ దూరమూ విడివిడిగా కాదు, వాటి గుణకారమే లెక్క. గాలికి లెక్క ఇలా. పీడనాన్ని మిల్లీబార్‌లో, దూరాన్ని సెంటీమీటర్లలో గుణించండి. ఆ గుణకాన్ని 274తో గుణిస్తే పైభాగం. అదే గుణకాన్ని 11.25తో గుణించి, సహజ లాగరిథమ్ తీసుకుని, 1.53 తీసివేస్తే కింది భాగం. పైదాన్ని కిందిదానితో భాగిస్తే బ్రేక్‌డౌన్ వోల్టేజి. వంద అయాన్లకు ఒక ఎలక్ట్రాన్ అన్న మన ఊహ ఆ 1.53లో ఉంది. మన 2 సెంటీమీటర్ల దూరానికి 4 మిల్లీబార్ దగ్గర 737 వోల్టులు వస్తుంది, 2 దగ్గర 481, 1 దగ్గర 345, 0.5 దగ్గర 307. కనిష్ఠం సుమారు 0.56 మిల్లీబార్ దగ్గర 305. ఇంకా తగ్గించి 0.25కు వస్తే ఒక్కసారిగా 690కి ఎగబాకుతుంది. 0.2 దగ్గర లెక్క జవాబే ఇవ్వదు. మీ ట్యూబులో పది ఇరవై వోల్టులు, ఒక్కోసారి ఇంకొంచెం అటూఇటూ వస్తాయి. లోహపు ఉపరితలం మారితే ఆ వంద మారుతుంది.

కనిష్ఠానికి ఎడమ వైపున, అంటే పీడనం మరీ తక్కువైనప్పుడు, ఎలక్ట్రాన్ దారిలో ఢీకొనడానికి అణువులు దొరకవు. అప్పుడు దూరం ఎక్కువైతేనే వెలగడం తేలిక. డిశ్చార్జి ఎదురుగా ఉన్న బిళ్లను వదిలి, చుట్టూ తిరిగి బిళ్ల వెనక్కో, కడ్డీకో, పక్క గొట్టంలోకో పోతుంది. వెనక వైపు కప్పమన్నది ఇందుకే. మొదటి ప్రయోగానికి 1 మిల్లీబార్ పెట్టుకోండి, అది కనిష్ఠానికి కుడి వైపున నిలకడగా ఉంటుంది. పంపు నడుస్తుండగానే బాల్ వాల్వును సగం మూసి, నీడిల్ వాల్వుతో కొంచెం కొంచెంగా గాలి వదులుతూ నిలబెట్టండి. పదిహేను నిమిషాలు గేజి సూది కదలకుండా ఉండాలి.

నడిపించడం

కొత్త కాథోడ్‌ను ముందు మచ్చిక చేయాలి. 50 కిలోఓమ్ బాలాస్ట్‌తో 5 మిల్లీఆంపియర్ దగ్గర అరగంట నడపండి. మొదట చుక్కలు చుక్కలుగా మెరుపులు లేస్తాయి, వోల్టేజి పాకుతుంది. మెరుపులు ఆగి, పది నిమిషాల్లో వోల్టేజి రెండు మూడు వోల్టులు కూడా మారకపోతే సిద్ధం. ఇది చేయకుండా కొలిచిన చీకటి దశ రీడింగులు పనికిరావు.

ఇప్పుడు 50 మెగాఓమ్ బాలాస్ట్, 1 మెగాఓమ్ కొలత. 100, 200 వోల్టులు ఇస్తూ చూడండి. మీటరులో కొన్ని నానోఆంపియర్లు వచ్చి, వోల్టేజితో సమంగా పెరుగుతుంటే అది గ్యాసు కాదు, గాజు మీద తేమ పాకించే లీకేజి. గాజు బయటి వైపు ఆల్కహాల్‌తో తుడవండి. మిగిలినదాన్ని రాసుకుని తర్వాత తీసివేయండి. ఈ దశలో గ్యాసులోని నిజమైన కరెంటు ఈ మీటరుకు అందనంత తక్కువ.

300 దాటాక 2 వోల్టుల చొప్పున పెంచుతూ ప్రతిచోటా పది సెకన్లు ఆగండి. బ్రేక్‌డౌన్ వోల్టేజి దాటినా ఏమీ జరగకపోవచ్చు. మొదటి ఎలక్ట్రాన్ కోసం ఎదురుచూడాలి. సముద్రమట్టంలో చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ (కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే కణం) పడుతుంది, అదీ 1 మిల్లీబార్ పలుచని గ్యాసులో ఏమీ చేయకుండానే దాటిపోవచ్చు. చీకటి గదిలో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ. కాబట్టి వెలిగిన వోల్టేజిని బ్రేక్‌డౌన్‌గా రాసుకోకండి. ఒకసారి మొదలయ్యాక సప్లైని మెల్లగా దించుతూ 1, 0.5, 0.2 మైక్రోఆంపియర్ల దగ్గర ట్యూబు వోల్టేజి లెక్కకట్టండి. కరెంటు సున్నా వైపు వెళ్లేకొద్దీ ఆ వోల్టేజి ఎక్కడికి చేరుతుందో అదే సరైన బ్రేక్‌డౌన్. సప్లైలో రిపుల్ (డీసీలో మిగిలిపోయే హెచ్చుతగ్గులు) రెండు వోల్టులున్నా 0.2 మైక్రోఆంపియర్ దగ్గర నిలవదు, ఇక్కడ ఫిల్టరింగ్ చాలా ముఖ్యం.

ఇప్పుడు లైట్లన్నీ ఆపి, మీటరు డిస్‌ప్లే మీద గుడ్డ కప్పి, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా ఇరవై నిమిషాలు కూర్చోండి. 3 నుంచి 5 మైక్రోఆంపియర్ల దగ్గర ఆనోడ్ ముందు బిళ్ల వెడల్పంతా పరుచుకున్న పలుచని పొగలాంటి వెలుగు ఉంటుంది. కాథోడ్ వైపు నల్లగా ఉంటుంది. నేరుగా చూస్తే మాయమై, చూపు కాస్త పక్కకు తిప్పితే తేలుతుంది. ఫోన్ కెమెరాను స్టాండు మీద పెట్టి 20, 30 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే స్పష్టంగా దొరుకుతుంది.

సప్లైని 600 నుంచి 1500 వరకు పెంచండి, కరెంటు 5 నుంచి 20 మైక్రోఆంపియర్‌కు పైగా వస్తుంది. ఎక్కడో ఒకచోట ట్యూబు వోల్టేజి పెరగడం ఆగి దిగడం మొదలవుతుంది. వెడల్పంతా ఉన్న వెలుగు ముడుచుకుని ఒక పక్కకు చేరుతుంది, మరుక్షణం కాథోడ్ మీద నీలి మచ్చగా కూర్చుంటుంది. ఇది ఉపసాధారణ గ్లో. ఇక్కడ డిశ్చార్జి తనంతట తాను ఊగవచ్చు. కొలత రెసిస్టర్ మీద మీటరును ఏసీ రేంజిలో పెట్టి చూడండి, ఆసిలోస్కోప్ ఉంటే ఇంకా మంచిది. ఏసీ కనిపించిన చోట తీసిన డీసీ రీడింగును గ్రాఫులో వేరే గుర్తుతో పెట్టండి, గీతలో కలపకండి.

5 మెగాఓమ్‌కు మారి 20 నుంచి 200 మైక్రోఆంపియర్ దాకా, తర్వాత 500 కిలోఓమ్‌తో 2 మిల్లీఆంపియర్ దాకా వెళ్లండి. వోల్టేజి దిగి ఒకచోట నిలబడుతుంది. గాలిలో ఇనుప కాథోడ్‌కు ఆ విలువ సుమారు 270, అల్యూమినియానికి 230. ఇది సాధారణ గ్లో. కరెంటు రెట్టింపు చేస్తే వోల్టేజి కదలదు, కాథోడ్ మీద నీలి మచ్చ విస్తీర్ణం రెట్టింపవుతుంది. మన బిళ్ల 7 చదరపు సెంటీమీటర్లు, 1 మిల్లీబార్ దగ్గర అది పూర్తిగా నిండటానికి 1 మిల్లీఆంపియర్ పైన కావాలి. పీడనం రెట్టింపు చేస్తే అదే బిళ్ల నిండటానికి నాలుగింతల కరెంటు పడుతుంది.

బిళ్ల నిండిన తర్వాత వోల్టేజి మళ్లీ ఎక్కడం మొదలవుతుంది, అది అసాధారణ గ్లో. 50 కిలోఓమ్‌తో 10 మిల్లీఆంపియర్ దాటనివ్వకండి. కాథోడ్ వేడెక్కి ఒకచోట తెల్లటి చుక్క నిలిచి వోల్టేజి కొన్ని పదులకు కూలిపోతే ఆర్క్ మొదలైనట్టు. వెంటనే ఆపండి, గాజు మీద లోహపు పొర పడుతుంది.

2 సెంటీమీటర్ల దూరంలో పింక్ పాజిటివ్ కాలమ్ (ఆనోడ్ వైపు పరుచుకునే పొడవాటి వెలుగు) కనిపించలేదని కంగారు పడకండి. కాథోడ్ వెలుగు, దాని ముందు నల్లని పొర, ఆ తర్వాత నీలి ఊదా రంగు నెగెటివ్ గ్లో, దాని తర్వాత 1838లో ఫారడే గుర్తించిన నల్లని భాగం, ఇవన్నీ కాథోడ్‌ను పట్టుకుని ఉంటాయి. మిగిలిన చోటుంటేనే కాలమ్ వస్తుంది. దాన్ని చూడాలంటే దూరం 10 సెంటీమీటర్లున్న వేరే ట్యూబు కట్టండి. అక్కడ 0.67 మిల్లీబార్‌కే 655 వోల్టుల దాకా కావాలి.

తేడా వచ్చినప్పుడు

చీకటి దశ అసలు దొరకకుండా నేరుగా గ్లో వస్తుంటే ముందు బాలాస్ట్‌కూ ఆనోడ్‌కూ మధ్య వైరు చూడండి, తర్వాత ఎక్కడైనా మీటరు ప్రోబు ట్యూబుకు కలిపి మర్చిపోయారేమో చూడండి. పెంచేటప్పుడు ఒక గీత, దించేటప్పుడు ఇంకో గీత వస్తుంటే చాలావరకు బాలాస్ట్ చిన్నదని అర్థం. బాలాస్ట్ పెంచినా ఆ రెండు గీతలు కలవకపోతే కాథోడ్ ఇంకా శుభ్రపడలేదు.

రోజురోజుకూ బ్రేక్‌డౌన్ పెరుగుతుంటే పంపు నూనె ఆవిరి వెనక్కి వచ్చి బిళ్ల మీద పొర కట్టి ఉండవచ్చు. ట్యూబును వాక్యూమ్‌లో వదిలి పంపు ఆపితే ఇదే జరుగుతుంది, కొన్నిసార్లు నూనే పాకి వస్తుంది. ఆపేటప్పుడు హై వోల్టేజి, షార్టింగ్ రాడ్, బాల్ వాల్వు మూయడం, పంపు వైపు గాలి వదలడం, చివరికి పంపు స్విచ్, ఈ వరుస తప్పకూడదు.

ఆర్గాన్‌తో చేసేటప్పుడు పిరానీ గేజి అంకెను నమ్మకండి. అది గాలికి సరిచేసినది, ఆర్గాన్ వేడిని తక్కువగా మోస్తుంది, కనుక తక్కువ పీడనాల్లో నిజమైన పీడనం గేజి చూపేదానికి సుమారు 1.6 రెట్లు. గేజి 0.6 చూపితే లోపల 1 మిల్లీబార్ ఉన్నట్టు. ఆర్గాన్ కనిష్ఠం 137 వోల్టుల దగ్గర ఉంటుంది, కాబట్టి సప్లైని సున్నా నుంచి మొదలుపెట్టి 100 దగ్గర నుంచే 2 వోల్టుల మెట్లు వేయండి. నీడిల్ వాల్వు నుంచి సిలిండర్ దాకా ఉన్న గొట్టంలో గాలి మిగిలి ఉండవచ్చు. మూడుసార్లు ఆర్గాన్ నింపి మూడుసార్లు పంపు చేశాకే రీడింగులు మొదలుపెట్టండి.